ఇల్లలకగానే పండగా?

మన దేశంలో శంకుస్థాపనకు ఉన్న మర్యాద సున్నం వేయడానికి లేదు. కొత్త భవనం ప్రారంభోత్సవమంటే పూలదండలు, మైకు, ఫోటోలు, పేర్లు చెక్కిన పాలరాయి. ఆ తరువాత ఆ భవనాన్ని ఊడ్చే చీపురు కొనాలంటే మాత్రం మూడు బల్లల మీద కాగితం తిరగాలి. ఇది ఎవరో ఒక్కరి తప్పు కాదు. మనందరి అలవాటు.

ఈ సంచికలో మిత్రులు నిరుద్యోగం గురించి, వరకట్నం గురించి, చదువుల తీరు గురించి రాస్తారు. అవి పెద్ద విషయాలే. నేను మాత్రం మన కాళ్ళ కింద ఉన్న నేల గురించి, అందులోనూ మన వ్యాయామశాలలోని చెక్క నేల గురించి రాయదలచుకున్నాను. నవ్వేవారు నవ్వవచ్చు. కానీ ఆ నేల మీద షటిల్ ఆడేవారు, బరువులెత్తేవారు నవ్వరని నాకు తెలుసు.

సంగతి ఇది. మన వ్యాయామశాలలో తూర్పు గోడ వైపు చెక్కలు అంచులు లేచి దోనెల్లా తయారయ్యాయి. రెండు మూడు చోట్ల మేకు తలలు పైకి వచ్చాయి. బరువులెత్తే వేదిక పక్కన ఒక బద్ద మీద కాలు వేస్తే కిర్రుమంటుంది. దీనికి మందేమిటని అడిగితే చాలామంది మిత్రులు చెప్పేది ఒక్కటే. “పాతది పీకించేద్దాం, లామినేట్ వేయిద్దాం. చూడ్డానికి అద్దంలా ఉంటుంది, వేశాక ఇంక చూసుకోనక్కర్లేదు.” యూనియన్ కోర్కెల జాబితాలో కూడా ఈ మాట చేరబోతోంది. అది చేరకముందే నా అభిప్రాయం చెప్పడం ధర్మమనుకుంటున్నాను. చూసుకోనక్కర్లేని నేల ఈ భూమి మీద ఎక్కడా లేదు. పాత నేలను చూసుకోవడం చేతకాని మనం కొత్త నేలను మాత్రం ఎలా చూసుకుంటాం?

ముందు చెక్క ఎందుకు లేచిందో తెలుసుకుందాం. సైన్సు విద్యార్థులం కదా, కారణం తెలియకుండా మందు వేయకూడదు.

చెట్టు నరికినా చెక్క నీళ్ళు తాగడం మానదు. గాలిలో తేమ ఎక్కువైతే పీల్చుకుని ఉబ్బుతుంది, తక్కువైతే వదిలి కుంచించుకుంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 50 శాతం ఉంటే చెక్కలో తేమ సుమారు 9 శాతం దగ్గర నిలుస్తుంది. అదే 80 శాతమైతే 15, 16 శాతానికి పోతుంది. చెక్క తన కణాల గోడల్లో ఇముడ్చుకోగల తేమ దాదాపు 30 శాతం. అక్కడివరకు తేమ పెరిగేకొద్దీ చెక్క వెడల్పు పెరుగుతూనే ఉంటుంది. పొడవులో మాత్రం మార్పు లెక్కలోకి రానంత తక్కువ.

టేకును తీసుకోండి. కదలకుండా ఉండే కర్రల్లో అది మేలైనది. అయినా పచ్చికర్ర పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి దాదాపు 6 శాతం కుంచించుకుంటుంది. వలయాలకు అడ్డంగా అందులో సగం కూడా ఉండదు. అంటే తేమ ఒక శాతం మారితే వెడల్పు 0.2 శాతం మారుతుందన్నమాట. ఆరు మీటర్ల వెడల్పున్న నేలలో తేమ 5 శాతం పెరిగిందనుకోండి. లెక్క ప్రకారం అది 60 మిల్లీమీటర్లు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు పెరగాలని చూస్తుంది. రంపం కోత మంచిదైతే, మేకులు పట్టి ఉంచితే ఇంత రాకపోవచ్చు. కానీ ఎంతో కొంత పెరగక తప్పదు. గోడ దగ్గర ఖాళీ వదిలితే అందులోకి జరుగుతుంది. ఆ ఖాళీలో చెత్త, చాక్‌పీసు ముక్కలు, విరిగిన షటిల్ ఈకలు కూరుకుపోయి ఉంటే? జరగడానికి చోటు లేక పైకి లేస్తుంది. మన తూర్పు గోడ పక్కన జరిగింది ఇదే. ఆ ఖాళీని శుభ్రం చేయాలని ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

రెండో కారణం బాల్చీ. మొజాయిక్ వరండాలో ఎలా నీళ్ళు కుమ్మరించి ఫినాయిల్ వేసి కడుగుతామో, చెక్క నేలనూ అలాగే కడుగుతున్నారు. శుభ్రం చేసే అప్పను నేను తప్పు పట్టను. ఆమె చేతికి బాల్చీ ఇచ్చి “కడిగెయ్” అన్నవారు చెక్కకూ రాయికీ తేడా చెప్పలేదు. నీరు బద్దల సందుల్లోంచి కిందికి దిగి, కింద గాలి ఆడక అక్కడే నిలుస్తుంది. బద్ద అడుగు తడిగా, పై భాగం పొడిగా ఉంటే అంచులు లేచి దోనె అవుతుంది. తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజు జాతులు కర్రను తినడం మొదలుపెడతాయి. తడి ఉన్న చోటికి చెదలు కూడా మట్టి సొరంగం కట్టుకుని వస్తాయి. పొలాలున్న ఇంటివాళ్ళకి చెదల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

మా ఊరి వడ్రంగి తాత ఒకాయన ఉన్నాడు. నాగళ్ళు, మగ్గాల సామాను చేసి చేసి చేతులు కాయలు కాసిన మనిషి. “తాతా, చెక్క నేల ఎందుకు లేస్తుంది?” అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పాడు. “సెట్టుని కొట్టీసినా సెక్క సావదు బాబూ. నీరు తాగతాది, గాలి పీలస్తాది. దాని కింద గాలాడనియ్యాల, దాని మీద నీరు నిలవనియ్యకూడదు. అంతే.” నేను పైన పేరా నిండా శాతాలతో చెప్పింది ఆయన రెండు వాక్యాల్లో చెప్పేశాడు!

మాది పొందూరు. పొందూరు పేరు చెప్పగానే అందరికీ ఖద్దరు గుర్తుకొస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకు చేసి, ఒంటి కదురు రాట్నం మీద నూరో నెంబరు నూలు దాకా వడికే చేతులు మా ఊళ్ళో ఉన్నాయి. ఆ నూలుకీ ఈ చెక్క నేలకీ చుట్టరికం ఉంది. పత్తి దాదాపు అంతా సెల్యులోజు. కర్రలో కూడా ఎక్కువ పాలు సెల్యులోజే. రెండూ గాలిలోని తేమను పీల్చుకునే జాతే. పొడిగాలి వీస్తే సన్న నూలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. అందుకే నేతగాడు గుంట మగ్గం దగ్గర కూర్చుని ముందు వాతావరణం చూస్తాడు, తరువాత నాడె వేస్తాడు. హైగ్రోమీటరు పేరు వినని మనిషి కూడా తేమను బట్టి పని మార్చుకుంటాడు. మరి హైగ్రోమీటరు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకునే మనం వానాకాలంలోనూ ఎండాకాలంలోనూ చెక్క నేలను ఒకే తీరున చూస్తున్నాం!

రైతులకు నేల సంరక్షణ కొత్త విషయం కాదు. కోతలు దగ్గరపడుతున్నాయంటే ముందు కళ్ళం సంగతి చూస్తారు. గడ్డి చెక్కి, చదును చేసి, నీళ్ళు చల్లి, దిమ్మిస చేసి, పేడతో అలికి ఆరబెడతారు. పనలు కళ్ళానికి వచ్చాక బీటలు చూసుకునే రైతు ఎవడూ ఉండడు. గింజ బీటలో పడితే ఏడాది కష్టం మట్టిపాలని వాడికి తెలుసు. ఇంట్లో మట్టి నేల అయితే అమ్మలు వారంవారం అలుకుతారు, గోతులు పడిన చోట ముందు మట్టి మెత్తుతారు, పండక్కి నిండుగా అలికి ముగ్గేస్తారు. ఏ రోజు ఏ పనో వాళ్ళ బుర్రలో ఉంటుంది. దాన్ని ప్రణాళిక అని వాళ్ళు పిలవకపోయినా అది ప్రణాళికే. అలికిన ఇల్లే పండగ కాదని సామెత కూడా వాళ్ళదే. మనకు మాత్రం నేల వేయించిన రోజే పండగ, ఆ మర్నాటి నుంచి అనాథ!

ఇప్పుడు లామినేట్ సంగతి. దాని మీద నాకు పగ లేదు. 1977లో స్వీడన్‌లో పెర్‌స్టార్ప్ అనే కంపెనీ వాళ్ళు కనిపెట్టిన సరుకు అది. కర్ర పిప్పిని జిగురుతో కలిపి గట్టిగా నొక్కిన పలక మీద కర్ర బొమ్మ అచ్చేసిన కాగితం, దాని పైన మెలమైన్ రెజిన్ పొర, అందులో అల్యూమినియం ఆక్సైడు పొడి. ఆ పొడి వల్లే గీతలు పడవు. మనం ఖనిజాల కాఠిన్యం పట్టికలో చదువుకున్న కొరండం అదే, తొమ్మిదో స్థానం. చవకగా వస్తుంది, త్వరగా పరచవచ్చు. చదివే గదికి, ఆఫీసు గదికి బాగానే ఉంటుంది.

అయితే దాని గుణాలు తెలిసి ఒప్పుకోవాలి. అతుకుల్లోంచి నీరు దిగితే లోపలి పలక ఉబ్బుతుంది. చెక్క ఆరితే చాలావరకు యథాస్థితికి వస్తుంది, ఈ పలక రాదు. పై పొర అరిగితే చిత్రిక పట్టడానికి, గరుకు కాగితంతో రుద్దడానికి వీల్లేదు. కర్ర అనుకున్నది బొమ్మ మాత్రమే కదా. ఆ పలకే మార్చాలి. అదే 20 మిల్లీమీటర్ల గట్టి చెక్క నేలైతే ఒకసారి రుద్దితే పోయేది ఒక మిల్లీమీటరు లోపు. కొన్నేళ్ళకొకసారి చొప్పున ఎన్నోసార్లు మళ్ళీ కొత్తది చేసుకోవచ్చు. ఇంకా ముఖ్యమైన సంగతి, బరువులు పడేచోట, ఆటగాళ్ళు ఎగిరి దూకేచోట మామూలు ఇళ్ళ లామినేట్ పనికిరాదు. పైగా దానికీ గోడల దగ్గర ఎనిమిది, పది మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. దాన్నీ పొడిగుడ్డతోనో, బాగా పిండిన గుడ్డతోనో తుడవాలి. మన బాల్చీ అలాగే ఉంటే టేకును పదేళ్ళలో పాడుచేసినవాళ్ళం లామినేట్‌ను ఒక్క వానాకాలంలో పాడుచేస్తాం!

మన జిల్లాలకు ఈ నేల అంటే చిన్న విషయం కాదని గుర్తుచేయాలి. ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోల మొత్తంతో కాంస్యం తెచ్చింది. విజయనగరం జిల్లా కొండవెలగాడ బిడ్డ మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. బరువులెత్తేవారికి ప్రపంచమంతా కలిపి నాలుగు మీటర్ల చదరం. ఆ చదరంలో పాదం కింద బద్ద అర అంగుళం కదిలితే మోకాలు పోతుంది, మోకాలుతో పాటు ఒక పేదింటి పిల్ల ఉద్యోగ అవకాశం కూడా పోతుంది. స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న పిల్లలు మన కాలేజీలో ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు. వాళ్ళ కోసమైనా ఈ నేల గురించి ఆలోచించమంటున్నాను.

మరి ఏం చేయాలి? విమర్శించి ఊరుకోవడం తేలిక. అందుచేత నాకు తోచిన పద్ధతి ఇక్కడ పెడుతున్నాను. రైతుబిడ్డను కనక కార్తెల లెక్కన చెబుతాను.

రోజూ చేయాల్సింది: మెత్తని చీపురుతోనో పొడి మాపుతోనో ఊడవడం. గుమ్మం బయట ఒక గరుకు పట్టా, లోపల ఒక గుడ్డ పట్టా. చెక్క నేలకు అసలు శత్రువు మన చెప్పుల కింద వచ్చే ఇసక. నాగావళి ఇసకలో ఉండేది క్వార్ట్జ్, కాఠిన్యం ఏడు. ఏ వార్నిషూ దాని ముందు నిలవదు. చెప్పులు బయట విడవడం మన ఇళ్ళలో ఉన్న ఆచారమే, వ్యాయామశాల గుమ్మంలో మాత్రం ఎందుకు మరచిపోతాం?

వారానికొకసారి: నీరు కారకుండా గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే కిటికీలు తెరవడం. బాల్చీ కుమ్మరింపు పూర్తిగా బంద్.

నెలకొకసారి: ఇద్దరు మనుషులు, ఒక టార్చిలైటు, ఒక పుస్తకం. మూలమూలా తిరిగి వేలి కణుపుతో తట్టి చూడాలి. డొల్ల మోత వస్తే రాసుకోవాలి. లేచిన మేకులు, కదిలే బద్దలు, గోడ వెంట చెద మట్టి గీతలు, పైకప్పు నుంచి కారిన మరకలు అన్నీ తేదీ వేసి రాసుకోవాలి. చెక్కలో తేమ కొలిచే చిన్న మీటరు ఇప్పుడు బజారులో దొరుకుతోంది. ఫిజిక్సు విభాగానికి అదొక మంచి ప్రాక్టికల్ కూడా అవుతుంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అప్పుడు కాలేజీకి సెలవులు. చెక్క ఎండి ఉంటుంది, కదిలే బద్దలు బిగించడానికి, పై పూత మీద తేలిగ్గా రుద్ది మరో పూత వేయడానికి అదే అదను. మృగశిర రాకముందే పైకప్పు రేకులు, వాననీటి గొట్టాలు, నేల కింద గాలి రంధ్రాలు చూసి తీరాలి. ఉభాలకు నీళ్ళు వచ్చాక గట్టు వేసే రైతుని ఊరంతా నవ్వుతుంది. వానలు పడ్డాక రేకు బిగించే మనల్ని మాత్రం ఎవరూ నవ్వడం లేదు.

ఇక ఆశ్వయుజ, కార్తికాల్లో తుపానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన సంగతి ఈ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తుపాను నీరు నేల మీదకు వస్తే మొదటి రోజే తోడి తుడవాలి. ఆ తరువాత తొందర పనికిరాదు. గాలి ఆడనిచ్చి నెమ్మదిగా ఆరనివ్వాలి. దోనెలా లేచిన అంచుల్ని తడిమీదే రుద్ది చదును చేస్తే, లోపల ఆరాక అంచులు కిందికి దిగిపోయి బద్ద మధ్యలో గుబ్బ మిగులుతుంది. వారాలు పట్టినా సరే, అడుగూ పైభాగమూ ఒకేలా ఆరాకే చేయి వేయాలి. మన తూర్పు గోడ బద్దలకు కూడా ఇదే వైద్యం. ముందు గోడ పక్క ఖాళీ శుభ్రం చేసి, నీళ్ళు ఆపి, ఒక వేసవి ఆరనిచ్చి చూద్దాం. అప్పటికీ దిగనివి, పుచ్చినవి మాత్రమే మార్చుదాం. పది బద్దల జబ్బుకు నేలంతా పీకడం ఏ శాస్త్రం?

“దీనికి డబ్బు ఎవరిస్తారు?” అని అడుగుతారు. మంచి ప్రశ్న. కొత్త పనికి ఒకసారి పెద్ద మొత్తం మంజూరు చేయించడం తేలిక, ఏటా చిన్న మొత్తం కేటాయించడం కష్టం. ఎందుకంటే చిన్న మొత్తానికి పాలరాయి పలక ఉండదు! బడ్జెటులో “ఆటస్థలాల మరమ్మతు” అని ఒక గీటు విడిగా ఉండాలి, అది మరో ఖర్చుకు మళ్ళకూడదు. రెండోది, ఆ పని చేసే మనుషుల సంగతి. శుభ్రం చేసే అప్పకు మాపు, పట్టాలు ఇప్పించి, ఎందుకు నీళ్ళు పోయకూడదో గౌరవంగా కూర్చోబెట్టి చెప్పాలి. ఆమె రోజూ ఆ నేలను చూస్తుంది. ఏ బద్ద ఎప్పుడు లేచిందో మన అందరికన్నా ముందు తెలిసేది ఆమెకే. నెలనెలా పుస్తకంలో రాసేటప్పుడు ఆమె మాటకు కూడా ఒక గడి పెట్టాలి. వడ్రంగిని కూడా కొంప మునిగాక బతిమాలుకునే బదులు ఏడాదికి రెండుసార్లు వచ్చేలా ముందే మాట్లాడుకుంటే ఆయనకు పని ఖాయం, మనకు నేల ఖాయం.

“ఇవన్నీ చేసే ఓపిక విద్యార్థులకు ఎక్కడిది?” అనేవారూ ఉన్నారు. నెలకు గంట చాలు. క్రికెట్ స్కోరు మీద మనం పెట్టే కాలంలో అదెంత? కెమిస్ట్రీ లాబ్‌లో పిపెట్టు విరిగితే స్టాకు రిజిస్టరులో రాస్తారు, మన దగ్గర డబ్బు కట్టించుకుంటారు. అంతకన్నా వేల రెట్లు విలువైన నేల విరుగుతుంటే రాయడానికి ఒక కాగితం లేకపోవడం విజ్ఞానం నేర్పే చోటికి శోభిస్తుందా?

మన జిల్లాల నుంచి ఒకప్పుడు వేలమంది ఓడలెక్కి రంగం వెళ్ళారు. కర్ర మిల్లుల్లో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చారు. 1942లో యుద్ధం తరిమితే ఎంతోమంది అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చారు. బర్మా టేకు అనే మాట మన ఇళ్ళలో ఈనాటికీ గౌరవంగా పలుకుతాం. ఆ కర్ర విలువ దాన్ని కోసిన చేతులకు తెలుసు. ఒక టేకు చెట్టు కోతకు రావడానికి మన అందరి వయసుకన్నా ఎక్కువ ఏళ్ళు పడుతుంది. దాన్ని బాల్చీ నీళ్ళతో పదేళ్ళలో పుచ్చబెట్టి, పీకి చెత్తలో వేసి, ఆ చోట కాగితం మీద అచ్చేసిన టేకు బొమ్మ పరచుకోవడం అభివృద్ధి అనిపించుకోదని నా మనవి.

అందుచేత యూనియన్ మిత్రులకు నేను కోరేది మూడే. కోర్కెల జాబితాలో “కొత్త లామినేట్ నేల” అన్న పంక్తి కొట్టేసి, “ఉన్న చెక్క నేల మరమ్మతు, ఏటా సంరక్షణ నిధి” అని రాయండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఫిజికల్ డైరెక్టరు గారు, క్రీడా కార్యదర్శి, శుభ్రం చేసే సిబ్బందిలో ఒకరు, ఇద్దరు సైన్సు విద్యార్థులతో ఒక చిన్న సంఘం వేయండి. ఆ సాయంత్రమే ఒక రూళ్ళ పుస్తకం కొని, మొదటి పేజీలో తూర్పు గోడ దగ్గర లేచిన బద్దలెన్నో లెక్కపెట్టి తేదీ వేయండి. ఆ లెక్కపెట్టే పనికి నేను వస్తాను. టార్చిలైటు కూడా తెస్తాను.